చాండ్లర్‌లో చలికాలం తోట: కరివేపాకు, మందారం బతకాలంటే

మీ ప్రశ్న ఇది: నవంబర్ మొదటి వారంలో విశాఖ నుంచి అరిజోనాలోని చాండ్లర్‌కి, అమ్మాయి దగ్గరకి ఆర్నెల్లకి వెళ్తున్నారు. కొత్త ఇల్లు, ముందంతా గులకరాళ్ళు, వెనక ఖాళీ జాగా. కరివేపాకు, మందారం, కాస్త ఆకుకూరలు వేయాలని ఉంది. ఎడారిలో, అదీ చలికాలంలో, మొక్కలు పెట్టొచ్చా అని.

పెట్టొచ్చండీ. అక్కడ చెట్టూ చేమా నాటడానికి అక్టోబర్, నవంబర్లే మంచి నెలలు. మనకి తొలకరి ఎలాగో వాళ్ళకి అవి అలాగ. మాదీ విశాఖే, సీతమ్మధార. మా అబ్బాయి ఇల్లు కూడా ఫీనిక్స్ పక్కనే, మూడు చలికాలాలు అక్కడ ఉండి వచ్చాను. వాళ్ళ వేసవి మన వేసవిలాంటిది కాదు. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. ఆ ఎండ వచ్చేలోపు వేరు కిందికి దిగి ఉండాలి. చలికాలంలో నాటితేనే దానికి ఆ టైమ్ దొరుకుతుంది. అందుకే పెద్దగా పెరిగే చెట్టు ఏదైనా వేయాలనుకుంటే మీరు వెళ్ళిన నెలలోనే వేయించండి. ఆ నేలకి పుట్టిన పాలోవెర్డే, మెస్కీట్ లాంటివైతే నీళ్ళకి పెద్దగా పేచీ పెట్టవు. పడమర వైపు వేస్తే సాయంత్రం ఎండ గోడకి తగలదు.

గొయ్యి తవ్వేటప్పుడు ఒకటి చూడండి. ఆ మట్టిలో అక్కడక్కడ సున్నపు పొర సిమెంటులా గట్టిపడి ఉంటుంది, కాలిచీ అంటారు. గొయ్యి నిండా నీళ్ళు పోయండి. మర్నాటికీ ఇంకకపోతే ఆ చోటు వదిలేయండి. గొయ్యి వెడల్పుగా ఉండాలి గానీ, కుండీలోని మట్టిముద్ద ఎత్తుకంటే లోతు అక్కర్లేదు.

ఇక నీళ్ళ సంగతి. మన అలవాట్లలో అక్కడికి అస్సలు పట్టుకెళ్ళకూడనిది ఏదైనా ఉంటే అది ఇదే. మనం రోజూ సాయంత్రం చెంబుడు పోస్తాం, మనసుకి హాయిగా ఉంటుంది. అక్కడ అలా పోస్తే మొక్కకి కీడు. అక్కడి నీళ్ళలో ఉప్పు ఎక్కువ. పైపైన తడిపితే నీరు ఆవిరైపోయి ఉప్పంతా వేళ్ళ దగ్గరే మిగిలిపోతుంది. ఆకుల అంచులు గోధుమరంగుకి తిరిగి ఎండిపోతుంటే నీళ్ళు చాలలేదనుకుని ఇంకాస్త పోస్తాం, మళ్ళీ పైపైనే. మొదటి ఏడాది నేను చేసింది అదే. లోతుగా తడిపితే ఆ ఉప్పు వేళ్ళు దాటి కిందికి పోతుంది. అక్కడి లెక్క తేలిగ్గా గుర్తుంటుంది: పూలమొక్కలకి ఒక అడుగు, పొదలకి రెండడుగులు, చెట్లకి మూడడుగుల లోతు తడవాలి. సన్నటి ఇనుప చువ్వ ఒకటి దగ్గర పెట్టుకోండి. నీళ్ళు పెట్టాక మట్టిలో గుచ్చితే తడి ఉన్నంత మేర జారుతుంది, పొడి తగలగానే ఆగిపోతుంది. చలికాలంలో అలా ఒకసారి తడిపితే, పాతుకున్న ఎడారి చెట్టుకి నెల పైమాటే సరిపోతుంది. కొత్తగా నాటినవాటికి మాత్రం మొదట్లో తరచుగా కావాలి. ఇంట్లో మొక్కలకి తనంతట తనే నీళ్ళు వదిలే డ్రిప్ టైమర్ ఉండే ఉంటుంది, వెళ్ళగానే అది వేసవి లెక్కలోనే ఉండిపోయిందేమో చూడండి.

మంచు గురించి. మన విశాఖలో రాత్రిళ్ళు 15 డిగ్రీలకి పడితేనే స్వెట్టర్లు తీస్తాం. ఆకు మీద మంచు గడ్డకట్టడం చూడాలంటే లంబసింగి వెళ్ళాలి. చాండ్లర్‌లో డిసెంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా, పగలు హాయిగా ఎండ కాసి, తెల్లవారుజామున కొన్నిసార్లు సున్నాకి దిగుతుంది. మనకి సముద్రపు తేమ రాత్రి కప్పిన దుప్పటిలా ఉంటుంది. వాళ్ళది పొడిగాలి, మబ్బులేని ఆకాశం. పొద్దుగూకగానే నేల వేడంతా పైకి పోతుంది.

రెండో ఏడాది జనవరిలో ఒక పొద్దున్న తలుపు తీస్తే మా మందారం ఆకులు నల్లగా, ఉడికించిన బచ్చలాకుల్లా వేలాడుతున్నాయి. ప్రాణం ఉసూరుమంది. చచ్చిన కొమ్మలు ఎందుకని ఆ మధ్యాహ్నమే కత్తెరతో అన్నీ తీసేశాను. వారం పది రోజులు ఎండ బాగా కాసేసరికి లేత చిగుళ్ళు వచ్చాయి, సంతోషించాను. తర్వాతి మంచుకి ఆ చిగుళ్ళు మాడి, కాండం కూడా పోయింది. ఎదురింటాయన అప్పుడు చెప్పారు, మాడిన కొమ్మలు కింద ఉన్న ప్రాణానికి గొడుగులాంటివని, ఫిబ్రవరి చివరి దాకా ముట్టుకోకూడదని. మూడో ఏడాది అలాగే ఉంచాను. చూడటానికి బాగోదు, ఉంచండి. మార్చిలో కొమ్మని బొటనవేలి గోటితో గీకండి. లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టే, ఎండిన చోట నుంచి మాత్రమే కత్తిరించండి.

మంచు పడుతుందని ఫోన్‌లో వచ్చిన రోజు పగలే మట్టి తడపండి, తడి నేల వేడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. సాయంత్రం పాత దుప్పట్లు, బెడ్‌షీట్లు నేలని తాకేలా కప్పండి, పైకి వచ్చే వేడి లోపలే ఉంటుంది. ప్లాస్టిక్ వద్దు, అది తగిలిన ఆకు మాడిపోతుంది. పొద్దున్న ఎండెక్కగానే తీసేయాలి. అక్కడ నిలువు కాక్టస్ కొసలకి థర్మాకోల్ కప్పులు తొడుగుతారు. మొదటిసారి చూస్తే వింతగా ఉంటుంది గానీ అదీ ఇందుకే.

కరివేపాకు మొక్కగానీ రెబ్బలుగానీ ఇక్కడి నుంచి పట్టుకెళ్ళకండి. కరివేప, నిమ్మ ఒకే కుటుంబం. నిమ్మ, నారింజ తోటల్ని నాశనం చేసే తెగులును మోసే పురుగు కరివేప మీద కూడా బతుకుతుంది, అందుకే ఎయిర్‌పోర్ట్‌లో తీసేసుకుంటారు. అక్కడి నర్సరీలోనే కొనండి. పెద్ద కుండీలో పెట్టి, దక్షిణం ఎండ తగిలే గోడ వారన ఉంచండి. పగలు కాగిన గోడ రాత్రి కాస్త వెచ్చదనం ఇస్తుంది. మరీ చలి ఉన్న రాత్రి గరాజ్‌లోకి లాగేయొచ్చు. మా మొక్కకి ఆకులు రాలాయి గానీ ఏప్రిల్‌కి మళ్ళీ కమ్ముకొచ్చింది.

ఆకుకూరలకి మాత్రం మీరు వెళ్ళేది బంగారంలాంటి కాలం. కొత్తిమీర, మెంతికూర, పాలకూర, ముల్లంగి నవంబర్‌లో చల్లేయండి. విత్తనాలు మోసుకెళ్ళక్కర్లేదు, ఇండియన్ స్టోర్‌లో కొన్న ధనియాలనే నలిపి చల్లాను, చక్కగా మొలిచాయి. వంగ, బెండ అప్పుడు వేస్తే కదలవు, మార్చి దాకా ఆగండి.

గడ్డి వేయించుకోకండి, ఇది నా గట్టి మాట. వేసవి గడ్డి చలికి గోధుమరంగుకి తిరిగితే, కొందరు దాని మీద అక్టోబర్‌లో రైగడ్డి విత్తనం చల్లి రోజుకి రెండు మూడు సార్లు తడుపుతారు. కొలరాడో నదిలో నీళ్ళు తగ్గి 2022లో అరిజోనా వాటాలో 18 శాతం కోత పడింది. అంత నీళ్ళ కరువున్న చోట చూపుకి పచ్చగా ఉండాలని అన్ని నీళ్ళు ధారపోయడం నాకు మనసొప్పలేదు. మన బోర్లు ఎండిన ఏడాది గుర్తుకొస్తుంది.

ముందున్న గులకరాళ్ళ మధ్య చలికాలం వానకి కలుపు మొలుస్తుంది. ఒకసారి పట్టించుకోకపోతే కాలనీ సంఘం నుంచి నోటీసు వచ్చి మా కోడలు టెన్షన్ పడింది. జనవరిలోనే, గింజ కట్టకముందే, వాన పడిన మర్నాడు చేత్తో లాగేయండి, వేరుతో సహా వస్తుంది.

మీరు మేలో తిరిగొచ్చేస్తారు, తోట అమ్మాయి చేతిలో ఉంటుంది. బయల్దేరే ముందు ఆమెతోనే ఒకసారి ఆ చువ్వ గుచ్చించి, టైమర్ ఆమె చేత్తోనే వేసవికి మార్పించి రండి.