మందు కలిపితేనే బయటపడే యాంటీబాడీలు

ప్రశ్న: మా ఎనిమిదేళ్ల బాబుకు జ్వరం వస్తే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. మూడో రోజు ఇంజెక్షన్ అయిన గంటకే మూత్రం డికాషన్ రంగులో వచ్చింది, హిమోగ్లోబిన్ 11 నుంచి 6కు పడిపోయింది. కూంబ్స్ పరీక్ష పాజిటివ్ వచ్చింది. మందే కారణమని తేల్చడానికి రక్తం పెద్ద ల్యాబ్‌కు పంపాలన్నారు. అక్కడ ఏం చేస్తారు? నెగెటివ్ వస్తే ఆ మందు మళ్లీ వాడవచ్చా? – ఒక తల్లి

జవాబు: ముందుగా మీ రెండో ప్రశ్నకే చెబుతున్నానమ్మా: రిపోర్టు ఏది వచ్చినా ఆ మందు బాబుకు మళ్లీ ఇవ్వకూడదు. రక్తంలోని ఎర్రకణాలు పగిలిపోవడం వల్లే మూత్రం రంగు మారి, హిమోగ్లోబిన్ పడిపోయింది.

1945లో కేంబ్రిడ్జ్‌లో రూపొందిన కూంబ్స్ పరీక్ష ఎర్రకణాల మీద యాంటీబాడీలో (రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే ప్రోటీన్లు), కాంప్లిమెంటో (వాటికి తోడై కణాలను పగలగొట్టే రక్తంలోని ప్రోటీన్లు) అంటుకుని ఉన్నట్లు మాత్రమే చూపుతుంది, అవి ఎందుకు అంటుకున్నాయో చెప్పదు. అందుకే ల్యాబ్‌లో బాబు సీరానికి (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) మందు ద్రావణాన్ని, ఆరోగ్యవంతుల నుంచి తీసిన ‘O’ బ్లడ్ గ్రూపు ఎర్రకణాలను కలిపి 37 డిగ్రీల వద్ద ఉంచుతారు. పక్కనే రెండు గొట్టాలు పెడతారు: ఒకదానిలో మందుకు బదులు సెలైన్, మరొకదానిలో బాబు సీరానికి బదులు మామూలు సీరం. తర్వాత కణాలను కడిగి, కూంబ్స్ సీరం (యాంటీబాడీ అంటుకున్న కణాలను ఒకదానికొకటి అతికించే ద్రవం) వేసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, గొట్టాన్ని మెల్లగా వంచి చూస్తారు. యాంటీబాడీ ఉంటే అడుగున ఉన్న కణాలు గడ్డగా లేస్తాయి, లేకపోతే పొగలా విడిపోతాయి. మందు, బాబు సీరం రెండూ ఉన్న గొట్టంలో మాత్రమే గడ్డ కనబడితే కారణం ఆ మందేనని గట్టిగా చెప్పవచ్చు. అయితే ఇంజెక్షన్ ఇచ్చిన వెంటనే తీసిన రక్తంలో మందు ఇంకా మిగిలి ఉండి, సెలైన్ గొట్టం కూడా పాజిటివ్ చూపవచ్చు. కాబట్టి నమూనాతో పాటు వాడిన మందులన్నిటి పేర్లు, ప్రతి డోసు ఇచ్చిన తేదీ, సమయం రాసి పంపించండి.

అన్ని మందులకూ ఈ పద్ధతి సరిపోదు. పెన్సిలిన్ కణానికి గట్టిగా అంటుకుంటుంది గనుక ముందే దాన్ని పట్టించిన కణాలతో పరీక్షిస్తారు. బీపీకి వాడే మిథైల్‌డోపా వల్ల వచ్చే యాంటీబాడీలకు మందుతో పనే ఉండదు కనుక ల్యాబ్ వాటిని మామూలు ఆటోఇమ్యూన్ జబ్బు (శరీరం తన కణాలపైనే దాడి చేసేది) నుంచి వేరు చేయలేదు.

ఇక నెగెటివ్ సంగతి. కొన్నిసార్లు యాంటీబాడీ అసలు మందుకు కాక, అది శరీరంలో మారాక ఏర్పడే పదార్థానికి తయారవుతుంది. అప్పుడు గొట్టంలో వేసిన మందుతో ఏమీ కనబడదు. ఇంజెక్షన్ అయిన గంటకే మూత్రం రంగు మారడం నా దృష్టిలో ఆ రిపోర్టు కంటే బలమైన సాక్ష్యం. డిశ్చార్జి కాగితం మొదటి పేజీలో మందు పేరు ఎర్ర సిరాతో రాయించుకోండి. సెఫ్ట్రియాక్సోన్ చెందిన సెఫలోస్పోరిన్ వర్గంలోని వేరే మందు ఎవరైనా రాస్తే, రక్తవ్యాధుల నిపుణులను అడగనిదే వేయించవద్దు.