పికప్‌కి ఆయిల్ కొనేముందు డబ్బా మీద ఏం చూడాలి

అల్లుడూ,

డీజిల్ పికప్ తీసుకున్నావని తెలిసి సంతోషించాను. ఆయిల్ మార్చే ముందు ఇది ఒకసారి చదువు.

షాపులో "15డబ్ల్యూ-40 ఇవ్వండి" అని ఊరుకోకు. ఆ అంకె చిక్కదనం సంగతే చెబుతుంది. దాని పక్కన చిన్న అక్షరాల్లో ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) గ్రేడు, అంటే ఆయిల్ నాణ్యత స్థాయి ఉంటుంది, అసలు చూడాల్సింది అదే. సీతో మొదలైతే డీజిల్‌కి, ఎస్‌తో మొదలైతే పెట్రోలుకి. రెండూ రాసి ఉంటే ఫర్వాలేదు. ఎస్ ఒక్కటే ఉన్న డబ్బా ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోకు.

ముందు ఆర్సీలో బీఎస్ (భారత్ స్టేజ్, పొగ కాలుష్య ప్రమాణం) ఎంతో చూడు. బీఎస్4, అంతకన్నా పాత బండైతే సీఐ-4 ప్లస్ సరిపోతుంది. బీఎస్6 అయితే సైలెన్సర్ లైనులో డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, దానికి సీకే-4 గానీ, బండి పుస్తకంలో రాసి ఉంటే ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) గ్రేడు సీ3 గానీ పొయ్యాలి. కారణం బూడిద. డీపీఎఫ్‌లో చేరిన మసిని బండి దాదాపు 600 డిగ్రీల వేడితో కాల్చుకుంటుంది. ఆయిల్‌లోని కాల్షియం, జింకు లాంటివి మిగిల్చే బూడిద మాత్రం కాలదు, అక్కడే పేరుకుపోతుంది. సీకే-4లో ఆ బూడిద ఒక శాతం దాటకూడదు, సీ3లో 0.8. సీఐ-4కి అలాంటి హద్దు లేదు. డబ్బా మీద మిగిలే నాలుగు వందల కోసం డీపీఎఫ్ పాడు చేసుకోకు.

మన ఎండలకి పల్చటి 5డబ్ల్యూ-30 ఆగదేమోనని భయపడొద్దు. పుస్తకం అదే చెబితే, డబ్బా మీద సీ3 ఉంటే, నిశ్చింతగా పొయ్యి. పాత ఇంజన్ ఆయిల్ తాగుతోందని 20డబ్ల్యూ-50 పొయ్యమంటారు, వినకు. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు చిక్కటి ఆయిల్ టర్బో బేరింగుకి ఆలస్యంగా చేరుతుంది, అరుగుదల అక్కడే మొదలవుతుంది.

ఇంజన్ వెచ్చగా ఉన్నప్పుడు పాత ఆయిల్ దించు. ఫిల్టరూ, డ్రెయిన్ బోల్టు వాషరూ కొత్తవి వెయ్యి. ఫిల్టర్ రబ్బరుకి వేలితో కాస్త ఆయిల్ రాసి, చేత్తోనే బిగించు. పుస్తకం చెప్పిన కొలతకి అర లీటరు తక్కువ పోసి, రెండు నిమిషాలు నడిపి ఆపు. పది నిమిషాలాగి, సమతలం మీద డిప్‌స్టిక్ చూసి మిగతాది పొయ్యి. పై గీత దాటితే క్రాంక్ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, నురగలో ఒత్తిడి నిలవదు.

కొత్త ఆయిల్ వారంలో నల్లబడితే కంగారుపడకు, మసిని పట్టి ఉంచడం దాని పనే. కంగారు పడాల్సింది మట్టం పెరిగినప్పుడు. ఊళ్లో చిన్న ట్రిప్పులే తిరిగితే డీపీఎఫ్‌లో మసి కాల్చడం మధ్యలో ఆగిపోతూ, అందుకు వాడిన డీజిల్ కొంత కాలకుండా ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ వాసన చూస్తే తెలిసిపోతుంది. అప్పుడు గడువు దాకా ఆగకుండా మార్చెయ్యి. దుమ్ము దారులు, ఎక్కువ లోడు ఉంటే పుస్తకంలో విడిగా ఇచ్చిన తక్కువ కిలోమీటర్ల గడువే నీది.

డ్రమ్ములోంచి లూజుగా కొలిచిచ్చే ఆయిల్ వద్దు. మూత సీలు, బ్యాచ్ నంబరు చూసి తీసుకో. ఖాళీ డబ్బాల్లో నకిలీ నింపి అమ్మేవాళ్లున్నారు, అందుకని నీ ఖాళీ డబ్బాకి అడుగున మేకు దించి పారెయ్యి.

మీ మావయ్య