200 యూనిట్ల గీత, 83 వేల కార్డు

ప్రశ్న: మాది కర్నూలు. బెంగళూరులో మారతహళ్ళి దగ్గర అద్దెకుంటున్నాం. నాకు 30 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం, చేతికి నెలకు 82,000 వస్తుంది. మా ఆవిడ ప్రస్తుతం ఉద్యోగం వెతుక్కుంటోంది. అద్దెకు 24,000, ఊరికి పంపేది 12,000, పెళ్లప్పటి పర్సనల్ లోన్ ఈఎంఐ 11,400 (ఇంకా 14 నెలలుంది), సిప్ 5,000, ఇంటి ఖర్చులు 22,000. సేవింగ్స్ ఖాతాలో 60,000 ఉన్నాయి. కంప్యూటర్‌లో 2021లో కొన్న ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు (గేముల బొమ్మలు గీసే భాగం) తీసేసి 5070 టీఐ వేద్దామనుకుంటున్నాను. ఆన్‌లైన్‌లో 86,500, 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్.పి. రోడ్డులో బిల్లుతో 83,000 చెప్పారు. వారంలో రోజుకు మూడు గంటలు, శని ఆదివారాల్లో ఆరేసి గంటలు గేములు ఆడతాను. ఏఐ మోడల్స్ ఇంట్లోనే నడిపి నేర్చుకోవాలని కూడా ఉంది. ఆఫీసులో ఇద్దరు స్నేహితులు రోజూ దీని మీదే వాదన. ఒకడు 5070 టీఐ అంటాడు, ఇంకొకడు రేడియాన్ 9070 ఎక్స్‌టీ చవక అంటాడు. కరెంటు ఎక్కువ తాగుతుందని మొదటివాడు. మాకు కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద బిల్లు సున్నా వస్తోంది, నెలకు 188 యూనిట్ల దాకా అవుతుంది. మార్చిలో బోనస్ చేతికి 90,000 వస్తుంది, పాత కార్డు 15,000కు పోతుంది. కంప్యూటర్ వివరాలు, ధరల పట్టీ విడిగా పంపుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు:

ముందు మీ స్నేహితుల గొడవ తేల్చేద్దాం, ఎందుకంటే అది చిన్నది. కంపెనీలు చెప్పే లెక్క ప్రకారం 5070 టీఐ 300 వాట్లు, 9070 ఎక్స్‌టీ 304 వాట్లు. నాలుగు వాట్ల తేడా. దేవుడి గదిలో పెట్టే చిన్న ఎల్ఈడీ బల్బంత. దీని కోసం రోజూ టీ చల్లార్చుకుంటున్నారంటే నాకు నవ్వొచ్చింది. ఏఐ నేర్చుకోవడం కూడా మీ లెక్కలో ఉంది కాబట్టి, చాలా సాఫ్ట్‌వేర్ 5070 టీఐ చేసే ఎన్విడియా కార్డుల మీదే ఇబ్బంది లేకుండా నడుస్తుంది కాబట్టి, ఆ రెండింటిలోనే ఎంచుకోవాల్సి వస్తే మొదటివాడిదే గెలుపు. కానీ వాళ్లిద్దరూ చూడాల్సింది పక్క కార్డును కాదు, ఇప్పుడు మీ కంప్యూటర్‌లో ఉన్న కార్డును. 3060 వాడేది 170 వాట్లు. కొత్తది 300. పెరిగేది 130.

మీరు రాసిన గంటల ప్రకారం నెలకు సుమారు 114 గంటలు ఆడతారు. 130 వాట్లను 114తో గుణిస్తే పదిహేను యూనిట్ల లోపే. పన్నులు, సర్‌చార్జీలు కలిపి యూనిట్‌కు ఏడు రూపాయలు వేసుకున్నా నెలకు 105 రూపాయలు. ఇంకొకరెవరైనా అడిగి ఉంటే, కరెంటు గురించి ఆలోచించకండి, అది రెండు మసాలా దోసెల ఖర్చు అని ఇక్కడితో ఆపేసేవాణ్ని.

మీ సంగతి వేరు. గృహజ్యోతిలో 200 యూనిట్లు దాటితే దాటిన యూనిట్లకే కట్టడం కాదు, ఆ నెల బిల్లు మొత్తం మీ నెత్తిన పడుతుంది. మీ 188కి పదిహేను కలపండి, 203. ఆ మూడు యూనిట్ల పుణ్యమా అని 203 యూనిట్లకూ ఛార్జీ, దాని మీద ఫిక్స్‌డ్ ఛార్జీ. శాంక్షన్డ్ లోడ్ (మీ కనెక్షన్‌కు మంజూరైన లోడు) మూడు కిలోవాట్లయితే అటూ ఇటూగా 1,800 దాకా వస్తుంది. నెలకు నూరు రూపాయలనుకున్నది 1,800 అవుతోంది. పైగా ప్రతి ఇంటికీ 200 ఉచితం కాదు. 2022-23లో ఆ మీటరు వాడకం సగటును బట్టి అర్హత యూనిట్లు నిర్ణయించారు. మీ బెస్కాం (కరెంటు సంస్థ) బిల్లు మీద ఆ అంకె ఉంటుంది, ఒకసారి చూడండి. సున్నా బిల్లు వస్తోందంటే ప్రస్తుతం దాని లోపలే ఉన్నారన్నమాట. అది 200 కన్నా తక్కువయితే, ఆ అంకెకూ 200కూ మధ్య వాడిన యూనిట్లకు విడిగా కట్టాలి.

నిజం చెప్పాలంటే కార్డు ఎప్పుడూ 300 వాట్లూ లాగదు. ఫ్రేములకు (సెకనుకు గీసే బొమ్మలకు) పరిమితి పెట్టుకుంటే, పవర్ లిమిట్ కాస్త తగ్గిస్తే, కొద్దిపాటి వేగం పోయినా వాడకం బాగా దిగుతుంది. అంటే 200 లోపల ఉండటం అసాధ్యమేమీ కాదు. కానీ 83 వేలు పోసి కొన్నదాన్ని మీటరుకు భయపడి గొంతు నొక్కి నడిపేటట్లయితే, అంత పెద్ద కార్డు దేనికని నా సందేహం.

ఇక అసలు ఖర్చు. ఎన్విడియా మన దేశానికి ప్రకటించిన ప్రారంభ ధర 5070 టీఐకి 80,000. కాబట్టి మీకు చెప్పిన 83,000 అన్యాయమేం కాదు. కానీ ఆ కార్డుకు కంపెనీ సూచించే పవర్ సప్లై 750 వాట్లది, మీరు పంపిన వివరాల్లో ఉన్నది 650 వాట్లది. అది మార్చాలి, మంచిదైతే తొమ్మిది పది వేలు. మీ మానిటర్ 1080పీ, 75 హెర్ట్‌జ్. అంటే కార్డు సెకనుకు 150 ఫ్రేములు తయారు చేసినా తెర చూపించేది 75. మిగతా సగం మీకు కనబడకుండానే పోతాయి. దాన్ని మార్చాలంటే ఇంకో ఇరవై వేలు. ప్రాసెసర్ రైజెన్ 5 3600, అంటే 2019 నాటిది. 1080పీలో ఆ కార్డును అది వెనక్కి లాగుతుంది, దాన్ని మారిస్తే ఎంతవుతుందో ఇక్కడ రాయను. ఇల్లు కట్టి చూడు అన్నట్టే, కంప్యూటర్‌లోనూ ఒక ఇటుక పీకితే పక్కవి కదులుతాయి. 3060ని మీరన్నట్టు 15,000కు అమ్మేసినా, కార్డు, పవర్ సప్లై, మానిటర్ కలిపి చేతి నుంచి దాదాపు లక్ష పోతుంది.

లక్ష అనగానే దండగ అంటానని అనుకోకండి. ఆ లెక్కా వేశాను. మూడేళ్ల తర్వాత ఆ కార్డు ముప్పై వేలకు పోతుందనుకుంటే నికరంగా 70,000. మూడేళ్లలో మీరు ఆడేది 4,100 గంటలు. గంటకు 17 రూపాయలు. ఇద్దరూ మల్టీప్లెక్స్‌కు వెళ్లి పాప్‌కార్న్ కొనుక్కొస్తే ఎంతవుతుందో మీకు తెలుసు. సరదాల్లో ఇది చవకైన సరదా, దీని మీద ఉపన్యాసం ఇచ్చే హక్కు నాకు లేదు. 2016లో ఒక కెమెరా లెన్సు కొని, పదకొండు సార్లు వాడి అమ్మినవాణ్ని.

కాకపోతే ఆ 17 రూపాయల లెక్కలో ఒక మెలిక ఉంది. ఆ 4,100 గంటలూ ఇప్పటికే మీకున్నాయి, 3060 మీదే ఆడుతున్నారు కదా. కొత్త కార్డు మీకు గంటలు ఇవ్వదు, ఉన్న గంటల్లో బొమ్మ నాణ్యత పెంచుతుంది. 5070 టీఐ మీ కార్డు కన్నా రెట్టింపుకు పైనే వేగం, అందులో సందేహం లేదు. ఆ వేగం 75 హెర్ట్‌జ్ తెర మీద మీకు ఎంత కనబడుతుందన్నదే ప్రశ్న. మొత్తం 70,000 ఆ తేడాకే.

ప్రకటనల మాట కూడా ఇక్కడే. 2025 జనవరిలో లాస్ వెగాస్‌లో సీఈఎస్ అనే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన వేదిక మీద ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్, 549 డాలర్ల 5070 కార్డు 4090 అంత పనిచేస్తుందన్నారు. 4090 అంటే 2022లో 1,599 డాలర్లకు వచ్చిన, 24 జీబీ మెమరీ ఉన్న కార్డు. ఆ పోలిక వెనక ఉన్నది డీఎల్ఎస్ఎస్ 4 అనే ఎన్విడియా సాంకేతికత. కార్డు నిజంగా గీసిన ఒక్కో ఫ్రేముకు మూడు దాకా ఫ్రేముల్ని ఏఐతో మధ్యలో పుట్టిస్తుంది. తెర మీద అంకె పెరుగుతుంది, కదలిక నున్నగా కనిపిస్తుంది. మౌస్ నొక్కినప్పుడు తుపాకి పేలే వేగం మాత్రం పెరగదు. ఏఐ మోడల్ నడిపేటప్పుడు ఇది అసలు పనికే రాదు, అక్కడ కావలసింది మెమరీ. టీఐ లేని ఆ 5070లో ఉన్నది 12 జీబీ. మీ పాత 3060లోనూ 12 జీబీయే! ఎవరైనా మధ్యేమార్గంగా 5070 తీసుకోమంటే ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇప్పుడు నేను వద్దంటున్న అసలు కారణానికి వస్తాను. మీ ఆదాయం లోంచి మీరు రాసినవన్నీ తీసేస్తే నెలకు మిగిలేది 7,600. 86,500కు 12 నెలల ఈఎంఐ 7,208. ఏడాది పాటు మీ చేతిలో ఆడే డబ్బు నెలకు 392 రూపాయలు. ఇంటికి ఒకే జీతం. ఈ ఊళ్లో ఉద్యోగాలు ఎలా ఉన్నాయో నాకన్నా మీకే ఎక్కువ తెలుసు. సిప్ ఆపేసినా మీ ఇల్లు నెల గడవడానికి 69,400 కావాలి, ఖాతాలో 60,000 ఉన్నాయి. ఒక్క నెల జీతం ఆగితే ఆ నెల తిరక్కుండానే ఎవరికో ఫోన్ చేయాలి. అప్పుడు క్రెడిట్ కార్డు మినిమమ్ డ్యూ కట్టి నెట్టుకొద్దామనుకుంటే మిగిలిన బాకీ మీద నెలకు మూడు మూడున్నర శాతం పడుతుంది, ఏడాదికి నలభై శాతం పైమాటే.

నో కాస్ట్ అన్నది కూడా అచ్చంగా నో కాస్ట్ కాదు. 2013లోనే రిజర్వు బ్యాంకు, సున్నా శాతం వడ్డీ అనేదే లేదని బ్యాంకులకు చెప్పింది. ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, బ్యాంకు వేసే వడ్డీని ముందే డిస్కౌంటుగా తగ్గిస్తారు. 15 శాతం వడ్డీ అయితే మీ కేసులో ఆ వడ్డీ 6,600 చిల్లర. దాని మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి, అది 1,200 దాకా. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద మళ్లీ జీఎస్టీ. ఎస్.పి. రోడ్డు ధరతో పోలిస్తే ముందే 3,500 ఎక్కువ. అన్నీ కలిపితే దాదాపు అయిదు వేలు.

ఎస్.పి. రోడ్డు అన్నారు కాబట్టి ఒక మాట. కిందటేడు మా అక్క కొడుకుతో పాటు వెళ్లాను. నిచ్చెన వేసుకుని ఎక్కే పై అంతస్తులో షాపు, ఇద్దరం నిలబడితే మూడో మనిషికి చోటు లేదు. ఆయన కాలిక్యులేటర్ మీద ఒక అంకె కొట్టి మా వైపు తిప్పాడు, "బిల్ బేకా సార్?" (బిల్లు కావాలా) అని అడిగి ఇంకో అంకె కొట్టాడు. రెండింటికీ మధ్య తేడా చూసి మావాడి కళ్లు మెరిశాయి. బిల్లు లేకుండా కొంటే మూడేళ్ల వారంటీ కాగితం ఉన్నా లేనట్టే. బిల్లు మీద కార్డు సీరియల్ నంబరు రాయించుకుని, డబ్బా మీది నంబరుతో అక్కడే సరిచూసుకుని బయటకు రండి. జీఎస్టీ తిరిగి వస్తుందని మీకెవరైనా చెప్తే నమ్మకండి. 83,000లో పన్ను 12,600 పైన ఉంటుంది నిజమే, కానీ అది జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, వ్యాపారానికి వాడేవాళ్లకు. జీతగాడికి కాదు.

మరి ఏం చేయాలి? మార్చిలో బోనస్ చేతికి 90,000 వస్తుందని రాశారు, ఇంకా ఐదు నెలలుంది. ఈ నెల నుంచే 7,200కు ఒక రికరింగ్ డిపాజిట్ పెట్టండి. అదే మీ ఉత్తుత్తి ఈఎంఐ. రెండు నెలలకే ఊపిరాడకపోతే, నిజం ఈఎంఐ ఎలా ఉండేదో అప్పు చేయకుండానే తెలిసిపోతుంది. ఈలోగా ఏఐ ముచ్చట ఖర్చు లేకుండా తీర్చుకోండి. ఏఐ నేర్చుకునేవాళ్లు వాడే కాగుల్ సైటులో ఫోన్ నంబరు ధ్రువీకరించుకుంటే వారానికి 30 గంటల దాకా గ్రాఫిక్స్ కార్డు ఉచితంగా వాడుకోనిస్తారు. ఐదు నెలల్లో ఎన్ని వారాలు ఆ గంటలు నిజంగా వాడారో క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి. నాకున్న అనుభవం ప్రకారం మూడో వారానికి చాలామంది మళ్లీ గేముల్లోకి వెళ్లిపోతారు, అది తప్పేమీ కాదు, కానీ అప్పుడు ఏఐ కోసం 5070 టీఐలోని 16 జీబీ మెమరీ కావాలన్న వాదన పడిపోతుంది.

మార్చిలో బోనస్‌లో 60,000 నేరుగా అత్యవసర నిధిలోకి. డిపాజిట్‌తో కలిపి అప్పటికి మీ చేతిలో లక్షన్నర పైన ఉంటుంది, రెండు నెలలు ధైర్యంగా ఉండొచ్చు. మిగిలిన 30,000, పాత కార్డు అమ్మిన 15,000 కలిపితే 45,000. మీరు ధరల పట్టీలో చివర రాసి వదిలేసిన 5060 టీఐ 16 జీబీ 46,000 అన్నారు కదా, నా ఓటు దానికి. 180 వాట్లే, మీ పాతదాని కన్నా పదే ఎక్కువ. నెలకు ఒక యూనిట్ పెరుగుతుంది. పవర్ సప్లై మార్చనక్కర్లేదు. 188 కాస్తా 189 అవుతుంది, బిల్లు సున్నాగానే ఉంటుంది. 5070 టీఐ అంత వేగం రాదు, ఆ సంగతి మీ స్నేహితులు మీకు గుర్తుచేస్తూనే ఉంటారు. ఇంకో తొమ్మిది నెలలకు పర్సనల్ లోన్ తీరి నెలకు 11,400 ఖాళీ అవుతుంది, మంచి మానిటర్ ముచ్చట అప్పుడు చూసుకోవచ్చు.

కొనేటప్పుడు ఒక్కటి జాగ్రత్త. 5060 టీఐ అనే పేరుతోనే 8 జీబీ కార్డూ ఉంది, 16 జీబీ కార్డూ ఉంది. డబ్బాలు దాదాపు ఒకేలా ఉంటాయి. రెండు మూడు వేలు తక్కువకు ఇస్తానని ఎవరైనా అంటే ముందు డబ్బా మూల మీద అంకె చూడండి, బిల్లు మీద కూడా 16 జీబీ అని రాయించండి. పాత 3060 డబ్బా అటక మీద ఉంటే ఇప్పుడే దింపి తుడిచి పెట్టండి, డబ్బా, బిల్లు రెండూ ఉన్న కార్డుకు పదిహేను వేల మీద ఇంకో వెయ్యి గట్టిగా అడగొచ్చు.