మా స్లాబు దాకా వచ్చిన రీసెర్చ్

సిటీల మీద, బిల్డింగుల మీద యూనివర్సిటీల్లో ఏళ్ళ తరబడి చేసే రీసెర్చ్ వల్ల మామూలు జనానికి ఒరిగేదేమైనా ఉందా అని అడిగారు. తిత్లీ తుపానుకి ముందు నన్నడిగితే ఏమీ లేదని ఒక్క ముక్కలో తేల్చేసేవాణ్ణి. ఆ తర్వాత ఊళ్ళో ఇల్లు కట్టించాను. అందుకే ఇంత పొడుగు జవాబు.

మాది శ్రీకాకుళం జిల్లా, సోంపేట వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లె. నేను టీచర్ని, కాపురం శ్రీకాకుళం టౌన్లో. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకి 140-150 కిలోమీటర్లు, విసురు 165 దాకా ఉందన్నారు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఏమైపోయాయో మీకూ తెలిసే ఉంటుంది. మా వసారా మీది ఇనప రేకులు హుక్కులతో సహా లేచి వెనకాల తోటలో పడ్డాయి. స్లాబు నిలబడింది. కానీ అది అప్పటికే పెచ్చులూడుతోంది. తుపాను పోయిన కొన్నాళ్ళకి ఒక రాత్రి అమ్మ తలగడకి జానెడు దూరంలో పెచ్చు పడింది. పొద్దున్నే చేతిలోకి తీసుకుని చూశాను. ఒకవైపు తెల్లసున్నం, రెండోవైపు రాడ్డు మేర గాడి, ఆ గాడి నిండా ఎర్రటి తుప్పు.

ఉప్పుగాలి కదా, ఏటి చేస్తాం అని ఊరంతా అనే మాటే మేమూ అనుకున్నాం. సివిల్ ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు స్కేలు తెచ్చి ఆ పెచ్చు మందం కొలిచాడు. సెంటీమీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. "ఇది ఉప్పుగాలి తప్పు కాదు మావయ్యా, రాడ్డుకి కప్పిన దుప్పటి చాల్లేదు" అన్నాడు. కాంక్రీటు కట్టడాలకి మన దేశంలో పాటించాల్సిన ప్రమాణం ఐఎస్ 456. దాని ప్రకారం సముద్రతీర వాతావరణానికి బయటపడి ఉండే కాంక్రీటులో రాడ్డు మీద 45 మిల్లీమీటర్లు, ఉప్పుగాలి నేరుగా తగలకుండా మరుగున ఉన్న చోట కూడా 30 మిల్లీమీటర్ల కవర్, అంటే రాడ్డుని కప్పే కాంక్రీటు మందం, ఉండాలట. ఉప్పు సన్నని రంధ్రాల గుండా రాడ్డు దాకా చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఉబ్బుకి కాంక్రీటు పగిలి మంచం మీద పడుతుంది.

ఆ రంధ్రాలు ఎక్కడివంటే, మేస్త్రి పోసిన నీళ్ళవి. సిమెంటు గట్టిపడటానికి కావాల్సిన నీళ్ళు కొద్దే. ఎక్కువైనవి ఆవిరైపోయి, అవి ఉన్న చోటు ఖాళీగా మిగులుతుంది. షికాగోలోని లూయిస్ ఇన్‌స్టిట్యూట్ అనే కాలేజీ లేబొరేటరీలో డఫ్ ఏబ్రమ్స్ అనే ఆయన వేలకొద్దీ కాంక్రీటు దిమ్మలు పోసి, పగలగొట్టి, 1918లో తేల్చిన సంగతి ఇది: సిమెంటుకి నీళ్ళ నిష్పత్తి పెరిగేకొద్దీ కాంక్రీటు బలం తగ్గుతుంది. వందేళ్ళు దాటింది. మా ఊరికి మాత్రం నా కళ్ళ ముందే వచ్చింది.

కొత్త ఇంటికి స్లాబు వేసే రోజు మావాడు 20 లీటర్ల పెయింటు డబ్బా తెచ్చి, కాంక్రీటు కలిపే మిల్లర్ దగ్గర నిలబడ్డాడు. సిమెంటు బస్తాకి నీళ్ళు ఈ డబ్బా ఒకటి, పైన రెండు లీటర్లు, అంతకు మించి చుక్క పొయ్యకూడదన్నాడు. మేస్త్రికి ఒళ్ళు మండింది. "ఏటి మాస్టారూ, ముప్పై ఏళ్ళ బట్టి కడతన్నాను. నీళ్ళు కొలిచి పొయ్యడానికి ఇది కషాయమేటి?" అన్నాడు. ఆయన బాధ కూడా న్యాయమే. నీళ్ళు తగ్గితే మాలు, అంటే కలిపిన కాంక్రీటు, బిర్రుగా ఉంటుంది, పరచడానికి కూలీల రెక్కలు పడిపోతాయి. చివరికి మాలుని కుదిపి సర్దే వైబ్రేటర్ అద్దెకి తెచ్చాం, మాలు జారడానికి మందు కొన్నాం, కూలీలకి కొంత ఎక్కువిచ్చాం. రాడ్ల కింద పెట్టే కవర్ బ్లాకుల విషయంలో ఇంకో గొడవ. అలవాటుగా కంకర రాళ్ళు దోపేశారు. తీయించి మళ్ళీ పెట్టించేసరికి మధ్యాహ్నం భోజనాలు మూడింటికి పడ్డాయి. ఆ రోజు నాకున్న టెన్షన్ మా అమ్మాయి పెళ్ళిలో కూడా లేదు.

రేకుల సంగతి ఇంకా వింత. గాలి రేకుల్ని తోస్తుందని నేననుకునేవాణ్ణి. తోయడం కంటే పైకి పీకడం ఎక్కువట, అదీ అంచుల దగ్గర, మూలల దగ్గర మరీ ఎక్కువ. నేలకి దగ్గరగా గాలి ఎలా వీస్తుందో అచ్చం అలా వీచే గాలి సొరంగాన్ని కెనడాలో వెస్టర్న్ ఒంటారియో యూనివర్సిటీలో అలన్ డావెన్‌పోర్ట్ అనే ప్రొఫెసర్ 1965లో పెట్టారు. బుల్లి బిల్డింగుల నమూనాలు పెట్టి ఇలాంటివి కొలిచేది ఆ తరహా చోట్లే. మన దగ్గర గాలి లెక్కల ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. దాన్ని మార్చడానికి ఐఐటీ రూర్కీ ప్రొఫెసర్లు ముసాయిదా రాశారు, 2015లో కొత్తది వచ్చింది. తూర్పు తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపల ఆసుపత్రులు, స్కూళ్ళు, తుపాను షెల్టర్లు కడితే లెక్కలో గాలి వేగాన్ని 30 శాతం పెంచి వేసుకోమంటుంది అది. నా మటుకు నాకు అందిందేమిటంటే, వసారా అంచుల్లో హుక్కులు దగ్గర దగ్గరగా బిగించడం. ఖర్చు లెక్కలోకి రానంత.

ఇదంతా మన పాతవాళ్ళకి తెలీదా అంటే తెలుసు. మా తీరంలో చుట్టిళ్ళు చూసే ఉంటారు, గుండ్రటి మట్టిగోడ, దాదాపు నేలదాకా వంగిన తాటాకు కప్పు. గాలి పట్టుకోవడానికి మూల దొరకదు. ఒకసారి ఏదో కాలేజీ పిల్లలు టేపులతో వచ్చి మా పెద్దమ్మ చుట్టిల్లు రెండు రోజులు కొలిచారు. "ఎందుకు నాయినా కొలుస్తన్నారు, కొంతారేటి?" అని అడిగిందావిడ. బొమ్మలు గీసుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు, మజ్జిగ తాగి వెళ్ళారు. ఆ కొలతలు ఏమయ్యాయో మాకెవరూ చెప్పలేదు. రీసెర్చ్ మీద మీకున్న అనుమానం పుట్టేది ఇక్కడేనని నా అభిప్రాయం. ప్రమాణాలు ఇంగ్లీషులో ఉంటాయి, మేస్త్రి తెలుగు కూడా కూడబలుక్కుని చదువుతాడు.

సిటీ గురించి కూడా అడిగారు కాబట్టి ఒక్క మాట. శ్రీకాకుళంలో మేముండే వీధి ఏడు రోడ్ల జంక్షన్ రద్దీ తప్పించుకునే బైకులకి, ఆటోలకి అడ్డదారి అయిపోయింది. ఒకప్పుడు సాయంత్రం అరుగుల మీద కూర్చునేవాళ్ళం. ఇప్పుడు ఎదురింటాయన పేరు తెలుసు, అంతే. మనుషులు మారిపోయారని మా ఆవిడ అంటుంది. కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్క్‌లీలో డొనాల్డ్ యాపిల్‌యార్డ్ అనే ప్రొఫెసర్ శాన్‌ఫ్రాన్సిస్కోలో మూడు వీధులు తీసుకుని ఈ సంగతే లెక్క కట్టారు. రోజుకి 2,000 బళ్ళు తిరిగే వీధిలో ఒక్కొక్కరికి ఆ వీధిలోనే సగటున ముగ్గురు స్నేహితులు, 16,000 తిరిగే వీధిలో 0.9. అంటే మనిషికి ఒక్క స్నేహితుడు కూడా పూర్తిగా లేడు. అది చదివాక మా వీధివాళ్ళని తిట్టుకోవడం మానేసి, నలుగురం కలిసి స్పీడ్ బ్రేకర్ కోసం అర్జీ పెట్టాం. ఇంకా వెయ్యలేదు లెండి.

మొన్న వానల్లో మేస్త్రి ఫోన్ చేశాడు. పక్క ఊళ్ళో ఎవరిదో స్లాబు పెట్టుకున్నాడట, మా పెయింటు డబ్బా ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంది. "మాస్టారూ, రాత్రి వాన పడి ఇసక తడిసిపోనాది. దాన్లో కూడా నీళ్ళుంతాయి కదా, డబ్బాలో ఎంత తగ్గించమంతారు?" అన్నాడు. నాకేం తెలుసు. మేనల్లుడి నంబరిచ్చాను.