కొత్తగా కట్టిన హైస్కూల్లో మొదటి బ్యాచ్‌గా చదివినవాళ్ళకి ఏం గుర్తుంటుంది?

నాకైతే నీళ్ళు మోయడం గుర్తు.

మాది ఒడిశాలో గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర వంశధార ఒడ్డున పల్లె. 1992లో గంజాం నుంచి విడదీసి మా జిల్లా పెట్టారు. ఆ తర్వాత రెండేళ్ళకి ఊరికి హైస్కూల్ వచ్చింది. అంతవరకు ఏడో క్లాసు దాటితే నౌపడ-గుణుపురం చిన్న రైలెక్కి పోవాలి, లేదంటే మానుకోవాలి. మా అక్క మానుకుంది. నేను ఎనిమిదిలో చేరేసరికి ఒక గదే పూర్తయింది. రెండోదానికి గోడలు లేచాయి గాని కప్పు లేదు. మా క్లాసు చింతచెట్టు కింద.

దసరా సెలవులయ్యాక శ్లాబ్ వేశారు. మర్నాడు పొద్దున్నే మేస్త్రి దాని మీద వరిచేనుకి గట్లేసినట్టు సిమెంటుతో చిన్న చిన్న మళ్ళు కట్టాడు. "ఇవి ఇరవై ఒక్క రోజులు ఎండకూడదు. ఎండాయా, వానాకాలం మీ నెత్తి మీదే కారుతుంది" అన్నాడు. ఆ మాటతో మాకు ఒకటే టెన్షన్. బోరింగు నుంచి నిచ్చెన దాకా వరసగా నిలబడి బకెట్లు అందించుకునేవాళ్ళం. పైనుంచి ఒడియా పిల్లలు "పాణి ఆణొ, పాణి ఆణొ" (నీళ్ళు తే, నీళ్ళు తే) అని కేకలు, కింద నుంచి మేము "ఒలకబోయకురా!" అని కేకలు. నాలుగు రోజులు తిరిగేసరికి వాళ్ళు "ఒలకబోయకు" అంటున్నారు, మేము "ఆణొ" అంటున్నాం. నాకు ఒడియా వచ్చింది ఆ నిచ్చెన మీదే, పుస్తకంలో కాదు.

సెంట్రింగ్ విప్పిన రోజు అందరం లోపలికి పరిగెత్తాం. కప్పు అడుగున చెక్కపలకల ఆనవాళ్ళు, కర్ర ముడులతో సహా, అచ్చుగుద్దినట్టు పడి ఉన్నాయి. మూడేళ్ళు లెక్క రానప్పుడల్లా పైకి చూసి ఆ ముడులే లెక్కపెట్టేవాణ్ణి. ఒక్క చుక్క కారలేదు.

హెడ్మాస్టారు కటక్ వైపు మనిషి. ఆయన హాజరు పిలిస్తే రమణ రొమొణొ అయ్యేవాడు, అప్పలరాజు ఒప్పొలొరాజు అయ్యేవాడు. అంత ప్రేమగా మా పేర్లు మళ్ళీ ఎవరూ పిలవలేదు.

కట్టేసిన బడిలో చేరినవాడి ప్రేమ వేరు, కడుతుండగా చేరినవాడి ప్రేమ వేరు. మా బ్యాచ్‌లో గోడ మీద గీత గీసినవాడు ఒక్కడు లేడు. ఇప్పటి పిల్లల్ని ఇటుక ముట్టుకోనివ్వరు, మళ్ళీ బడంటే గౌరవం లేదంటారు.

నా బాధ ఇంకొకటి ఉంది. క్లాసులో సగం మంది ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళం. తెలుగు మాస్టారు వస్తారు వస్తారన్నారు, మేం పది రాసి వెళ్ళిపోయేదాకా రాలేదు. మాకు కాస్త దూరంలోనే పర్లాకిమిడి. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో మాస్టారుగా చేరిన ఊరు, సవర గిరిజన పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని ఆయన పట్టుబట్టిన నేల. ఏటా ఆగస్టు 29న ఆయన పేరు చెప్పి తెలుగు భాషా దినోత్సవం చేస్తారు, దండలు వేస్తారు. ఆ చుట్టుపక్కల పిల్లలకి అ ఆలు నేర్పేవాళ్ళు లేరు. నేను తెలుగు చదవడం నేర్చుకున్నది సరిహద్దుకి అవతల, ఆంధ్రాలోని పాతపట్నం బజారులో, కొట్ల బోర్డులు కూడబలుక్కుని. ఆంధ్రా వెళ్తేనేమో "మీ తెలుగు ఒడియాలా ఉందే" అంటారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మా అక్క కూతురు ఇప్పుడు అదే గదిలో తొమ్మిది చదువుతోంది. గోడలకి కొత్త రంగులేశారట గాని, కప్పుకి సున్నమేనట, పలకల గుర్తులు ఇంకా కనిపిస్తున్నాయంది. ఆదివారాలు ఫోన్‌లో దానికి తెలుగు అక్షరాలు చెబుతున్నాను. గుణింతాలు అయ్యాయి, వచ్చే వారం ఒత్తులు.