మారియో జగాలో గెలిచిన నాలుగు ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లలో కోచ్‌గా గెలిచినవి ఎన్ని?

కోచ్‌గా ఒక్కటే, 1970లో. బ్రెజిల్‌కు చెందిన మారియో జగాలో 1958, 1962 కప్పులను ఆటగాడిగా గెలిచాడు. 1994లో జట్టు సమన్వయకర్త.

ఆటగాడిగా నేర్చుకున్నదే అతన్ని కోచ్‌గా నిలబెట్టింది. అప్పటి 4-2-4 పద్ధతిలో (నలుగురు డిఫెండర్లు, ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు, నలుగురు ఫార్వర్డ్‌లు) మైదానం మధ్యలో, అంటే మిడ్‌ఫీల్డ్‌లో, ఇద్దరే ఉండేవారు. బంతి పోగానే మధ్యలో ఖాళీ. ఎడమ అంచున దాడి చేసే వింగర్ జగాలో వెనక్కి పరుగెత్తి మూడోవాడయ్యేవాడు, దాంతో ఆకృతి 4-3-3గా మారేది. చూడ్డానికి చిన్న మార్పే, కానీ ఎంత శ్రమ!

1970 టోర్నీకి కొద్ది నెలల ముందే, అప్పటి కోచ్ సల్దాన్యాను తప్పించాక, కోచ్ పదవి దక్కింది. మిడ్‌ఫీల్డర్ రివెలీనోను ఎడమవైపు పెట్టి సరిగ్గా తన పాత పనే అప్పగించాడు. మరో మిడ్‌ఫీల్డర్ పియాజాను డిఫెన్స్ మధ్యలోకి దించాడు. ఆరు మ్యాచ్‌లకు ఆరూ గెలుపే. ఫైనల్లో ఇటలీపై 4-1.

1994లోనూ అతనే ప్రధాన కోచ్ అనుకోవడం పొరపాటు. ఆ బాధ్యత పరేరాది. జగాలో మళ్లీ ప్రధాన కోచ్‌గా వెళ్లిన 1998లో ఫైనల్లో ఫ్రాన్స్ చేతిలో 0-3తో ఓడారు. ఆటగాడిగా, కోచ్‌గా రెండూ గెలిచిన మొదటివాడు జర్మనీకి చెందిన బెకెన్‌బావర్ అనేదీ తప్పే. అతను కోచ్‌గా గెలిచింది 1990లో.