చిన్న ఊళ్ళో కళాకారులు నిలబడాలంటే ఏం చేయాలి? మా ఊరి భారతం అనుభవం

మీ మండలంలో హరికథ, కోలాటం, వీధి నాటకం తెలిసినవాళ్ళు ఇంకా ఓ ఇరవై మంది ఉన్నారని, పనుల్లేక ఒక్కొక్కరే మానేస్తున్నారని రాశారు. ట్రస్టు పెట్టి ఏడాదికోసారి కళా ఉత్సవం చేస్తే వాళ్ళు నిలబడతారా, డబ్బు ఎక్కడి నుంచి తేవాలి అని అడిగారు. మేం కూడా సరిగ్గా అక్కడే మొదలుపెట్టి దెబ్బతిన్నాం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది పాత చిత్తూరు జిల్లాలో, పుత్తూరు, నగరి వైపు ఒక పల్లె. నేను ఆ ఊరికి కోడలిగా వచ్చాను. పాల కేంద్రంలో లెక్కలు చూస్తాను. మా వైపు ఎండాకాలం వచ్చిందంటే ధర్మరాజుల గుళ్ళ దగ్గర భారతం పెడతారు. మహాభారతంలోని 18 పర్వాలకు లెక్కగా 18 రోజులు. ధ్వజారోహణంతో మొదలవుతుంది. మధ్యాహ్నం పందిట్లో హరికథ, రాత్రి అదే కథ వీధి నాటకంగా తెల్లవారేదాకా. మధ్యాహ్నం భాగవతార్ చెప్పిన ఘట్టమే రాత్రి వేషం కట్టుకుని కళ్ళ ముందుకు వస్తుంది. చదువు రాని మా అత్తకు భారతం మొత్తం నోటికి వచ్చేది ఇలాగే.

కొన్ని ఘట్టాలు స్టేజీ మీద ఆగవు, ఊరంతా తిరుగుతాయి. బకాసుర వధ రోజు భీముడు అన్నం బండి ఎక్కి వీధి వీధికీ వస్తాడు. అర్జునుడి తపస్సు రోజు వేషగాడు పద్యాలు పాడుతూ నిలువెత్తు మాను ఒక్కో మెట్టే ఎక్కుతాడు. పైనుంచి నిమ్మకాయలు, విభూతి, పూలు విసురుతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో మాను చుట్టూ వరపడి, అంటే సాగిలపడి, అవి తమ కొంగులో పడాలని ఎదురుచూస్తుంటారు. ఇక చివరి రోజు దుర్యోధన వధ. గుడి ముందు మైదానంలో మట్టితో దుర్యోధనుణ్ణి పడుకోబెట్టి చేస్తారు. మనిషి కాలు కూడా ఆ బొమ్మ వేలంత ఉండదు. ఛాతీ మీద రంగులు, గుమ్మడికాయంత కళ్ళు, పక్కన గద. భీముడి వేషగాడు, దుర్యోధనుడి వేషగాడు ఆ బొమ్మ చుట్టూ, ఒక్కోసారి దాని మీదికే ఎక్కి, ఎర్రటి ఎండలో ఒకరినొకరు తరుముకుంటారు. చివరికి గద తొడ మీద పడుతుంది, ముందే లోపల పెట్టిన ఎర్రనీళ్ళు చిమ్ముతాయి, ద్రౌపది అప్పటిదాకా విరబోసుకున్న జుట్టు ముడి వేసుకుంటుంది. ఆ క్షణంలో వేలమంది ఒక్కసారిగా నిశ్శబ్దమవుతారు. సాయంత్రం అగ్నిగుండం.

ఇది మా ఒక్క ఊరిదే కాదు. సరిహద్దు దాటితే తమిళనాడులో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర తెరుక్కూత్తు అనే వీధి నాటకం ఇలాగే ఆడతారు. అటు బెంగళూరు ధర్మరాయ గుడి కరగ ఉత్సవంలోనూ కొలిచేది ఈ ద్రౌపదినే. ఇంత పెద్ద పండగ కూడా ఆగిపోతుందా అనుకుంటాం కదా. మా ఊళ్ళో ఆగిపోయింది.

2020, 2021 కరోనాలో ఎవరూ పెట్టలేదు. ఆ తర్వాత ఏడాది చందాలు సరిపోక ఐదు రోజులకు కుదించారు. ఆ మరుసటి ఏడాది నాటకానికి బదులు ఆర్కెస్ట్రా పిలిచారు. ఈలోగా నాటకం ఆడే మేళంలో ముఖవీణ, అంటే చిన్న సన్నాయి లాంటిది, వాయించే ఆయన తిరుపతిలో ఒక లాడ్జికి వాచ్‌మన్‌గా వెళ్ళిపోయాడు. మద్దెల ఆయన కొడుకుతో చెన్నై చేరాడు. మేళం చెదిరిపోవడానికి రెండు మూడు ఏళ్ళు చాలు. మళ్ళీ కూడాలంటే పదేళ్ళు పడుతుంది.

అప్పుడు మేం చేసిన మొదటి పని మీరు అనుకుంటున్నదే. కొంతమంది కలిసి ఒక ఆదివారం కళా సంబరం పెట్టాం. ఫ్లెక్సీలు, స్టేజీ, శాలువాలు, జ్ఞాపికలు. చుట్టుపక్కల కళాకారులందరినీ పిలిచి ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు ఇచ్చాం. నలభై ఏళ్ళుగా ద్రౌపది వేషం కడుతున్న పెద్దాయన మైకు దగ్గర నాతో మెల్లగా అన్నాడు: "ద్రౌపది తెర వెనక నుంచి ముందుకు రావడానికే నాకు పావుగంట పడతాదమ్మా." ఆయన రెండు పద్యాలు పాడి దిగిపోయాడు. కళ్ళెత్తి చూడలేకపోయాను. ఒక ప్రభుత్వ కార్యాలయంలో సాయం కోసం అర్జీ కూడా పెట్టాం. మూడుసార్లు తిరిగాక కాగితాలు ఎక్కడున్నాయో చెప్పేవాళ్ళు కూడా లేకపోయారు.

అసలు సంగతి మా మామ పాత నోటు పుస్తకంలో దొరికింది. ఆయన గుడి లెక్కలు రాసేవాడు. అందులో ప్రతి రోజుకూ ఎదురుగా ఒక ఉభయం రాసి ఉంది. ఉభయం అంటే మా వైపు తెలియనివాళ్ళు ఉండరు, మీ వైపు ఏమంటారో మరి. ఆ రోజు ఖర్చు, ఆ రోజు గౌరవం ఒక ఇంటిది, లేదా ఒక కులానిది, లేదా పక్క పల్లెది. దుర్యోధనుడికి మట్టి తోలేది ఒక ఇల్లు, తెర బట్ట ఇచ్చేది ఒక ఇల్లు, భీముడి బండికి ఎద్దులు కట్టేది ఒక ఇల్లు. చందా అడిగితే జనం విసుక్కుంటారు. ఉభయం అలా కాదు, పక్కవాళ్ళకు పోతే ఊరుకోరు. మధ్యలో ఎప్పుడో, సులువని, ఉభయాలు తీసేసి ఇంటికి ఇంతని చందా పెట్టారు. భారతం అప్పటి నుంచే నీరసించింది. కరోనా ఆఖరి దెబ్బ మాత్రమే.

ఆ పుస్తకం పట్టుకుని ఫోన్లు మొదలుపెట్టాను. చెన్నైలో, బెంగళూరులో ఉన్న మనవళ్ళకు "మీ తాతగారి పేరు మీద కీచక వధ ఉభయం ఖాళీగా ఉంది, మీరు చేస్తారా, ఇంకొకరికి ఇచ్చేయమంటారా" అని అడిగాను. విరాళం అన్న మాటే వాడలేదు. కొందరు ఫోను పెట్టేశారు. కానీ ఎక్కువమంది రెండు రోజుల్లో తిరిగి చేశారు. ఒకాయన అయితే భార్యాపిల్లలతో వచ్చి ఆ రాత్రంతా చాప మీద కూర్చుని చూశాడు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ పాత పుస్తకంలో దళితవాడకు ఒక్క ఉభయం కూడా లేదు. డప్పు వాళ్ళదే, పందిరి గుంజలు పాతేది వాళ్ళే, ఉభయం మాత్రం లేదు. కొత్తగా మొదలుపెడుతూ ఆ తప్పు మళ్ళీ చేయకూడదని నేను, మరో ఇద్దరు పట్టుబట్టాం. వాళ్ళు అర్జునుడి తపస్సు అడిగారు. అన్నిటికంటే జనం ఎక్కువ వచ్చే రోజు అది. కొందరు పెద్దలు అలిగి రెండేళ్ళు గుడి వైపే రాలేదు. రాకపోనీ అనుకున్నాం. ఆ రోజు అన్నదానం, హారతి, మేళానికి బట్టలు పెట్టడం అన్నీ వాళ్ళ చేతుల మీదుగానే జరిగాయి. ఇప్పుడు మా ఊళ్ళో గట్టిగా నిలబడిన ఉభయం అదే. ద్రౌపదీ కల్యాణం పొదుపు సంఘాల ఆడవాళ్ళు తీసుకున్నారు. పాత పద్ధతిని తిరిగి తేవడమంటే అందులోని అన్యాయాన్ని కూడా తేవడమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మీ ఊళ్ళో కూడా ఈ చిక్కు వస్తుంది, ముందే మనసు గట్టి చేసుకోండి.

డబ్బు విషయం. భారతం ఏప్రిల్, మే నెలల్లో. మా వైపు రైతుకు తోతాపురి మామిడి డబ్బు చేతికొచ్చేది ఆ తర్వాత. అంటే అడిగే రోజుల్లో జేబులు ఖాళీ. పాల బిల్లు మాత్రం పదిహేను రోజులకోసారి వస్తుంది. ఇష్టమైనవాళ్ళ బిల్లులోంచి ఒక్కోసారి 50 రూపాయలు పక్కన పెట్టి, వాళ్ళ వాళ్ళ ఉభయం ఖాతాలో రాయడం మొదలుపెట్టాం. కేంద్రం గోడ మీద బోర్డులో ప్రతి పైసా కనిపిస్తుంది. ఏప్రిల్ వచ్చేసరికి సగం డబ్బు ముందే ఉంటుంది కాబట్టి మేళానికి సంక్రాంతికే అడ్వాన్సు ఇవ్వగలుగుతున్నాం. మీ ఊళ్ళో నెలనెలా డబ్బు తిరిగే చోటు ఏదో ఒకటి ఉంటుంది. అది పట్టుకోండి.

కళాకారుల్ని ఎలా చూసుకున్నామన్నది డబ్బు కంటే తక్కువేం కాదు. రెండో ఏడాది మేం ఘోరమైన పొరపాటు చేశాం. ఆఖరి రోజు హడావుడిలో బాకీ నెల తర్వాత ఇచ్చాం. మేళం పెద్ద తన చేతి డబ్బు పెట్టి మనుషుల్ని పంపించుకున్నాడు. మాకు ఒక్క మాట అనలేదు, కానీ మరుసటి ఏడాది "చూస్తాంలే అమ్మా" అన్నాడు. వాళ్ళింటికి వెళ్ళి తప్పయిందని చెప్పి ఒప్పించాల్సి వచ్చింది. ఇప్పుడు తెల్లవారి కొబ్బరినూనె రాసుకుని రంగు తుడుచుకునేలోపే ఆ రాత్రి డబ్బు ఎవరిది వాళ్ళ చేతికే ఇస్తాం. పగలు పడుకోవడానికి సెలవుల్లో ఖాళీగా ఉండే బడి గదులు అడిగి తీసుకుంటాం, ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో ముందే చూస్తాం. చెక్క కిరీటాలు, భుజకీర్తులు బిగించి కట్టుకున్నాక వాళ్ళు సరిగ్గా తినలేరు. అందుకే సాయంత్రం ఆరింటికే భోజనం, నడిరాత్రి టీ. మైకు వాళ్ళు డీజేకి అలవాటుపడి ఎకో పెట్టేస్తారు, పద్యం ఒక్క ముక్క అర్థం కాదు. మొదటి గంట నేనే పెట్టె పక్కన కూర్చుంటాను.

కరపత్రం కూడా మార్చాం. పాతవాటిలో దాతల పేర్లు, ఫోటోలే. ఇప్పుడు మొదట ఏ రాత్రి ఏ వేషం ఎవరు కడుతున్నారో పేరు, ఊరు వేస్తున్నాం. ప్రతి కళాకారుడికీ తేదీ, వేషం రాసి కమిటీ సంతకంతో ఒక కాగితం ఇస్తున్నాం. కేంద్ర సాంస్కృతిక శాఖ 60 ఏళ్ళు దాటిన, ఆదాయం బాగా తక్కువున్న కళాకారులకు నెలకు 6,000 రూపాయల వరకు ఇచ్చే పథకం ఒకటి ఉంది. అలాంటివాటికి పెట్టుకోవాలంటే ఇన్నేళ్ళు ఆడామని చూపించే కాగితం కావాలి. జీవితమంతా ఆడినా చేతిలో ఒక్క రుజువు లేనివాళ్ళు ఎంతమందో.

అన్నిటికంటే ఆలస్యంగా అర్థమైంది ఇంకొకటి ఉంది. ఒక ఊరు ఎంత బాగా చూసుకున్నా మేళం బతకదు. మేం ఇచ్చేది పన్నెండు రాత్రులు. మిగతా ఏడాది? మునుపు చుట్టుపక్కల ఊళ్ళు ఒకదాని తర్వాత ఒకటి భారతం పెట్టేవి, మేళానికి వరసగా నెలల తరబడి పని ఉండేది. ఇప్పుడు ఎవరికి వీలైన తేదీలు వాళ్ళు పెట్టుకుని, ఒకే పది రోజుల్లో మూడు ఊళ్ళు ఒకే మేళాన్ని అడుగుతున్నాయి. దాంతో రెండు ఊళ్ళకు నాటకం లేదు, మేళానికి తర్వాత పని లేదు. నాలుగు ఊళ్ళ కమిటీలు ఉగాది ముందే కూర్చుని తేదీలు సర్దుకుంటున్నాం. గొడవలు ఉన్నాయి, ముహూర్తాల పేచీలు ఉన్నాయి. అయినా ముఖవీణ ఆయన లాడ్జి పని వదిలేసి వచ్చాడంటే ఆ సర్దుబాటు వల్లే. మీ ఇరవై మంది కోసం ఏం చేసినా పక్క మండలాన్ని కలుపుకునే చేయండి.

నేర్చుకునే పిల్లల విషయంలో మేం పెద్దగా గెలవలేదు. కాంచీపురం దగ్గర కట్టైక్కూత్తు గురుకులంలో 2002 నుంచి పిల్లలకు బడి చదువుతో పాటే కూత్తు నేర్పారు. గోదావరి ఒడ్డున కపిలేశ్వరపురంలో సర్వరాయ హరికథా పాఠశాల ఎందరో అమ్మాయిల్ని భాగవతారిణులుగా తీర్చిదిద్దింది. మాకు అంత శక్తి లేదు. ఎండాకాలం సెలవుల్లో మేళం మా బడిలోనే ఉంటుంది కాబట్టి సాయంత్రం రెండు గంటలు పిల్లల్ని వాళ్ళ దగ్గర కూర్చోబెడుతున్నాం. మొదట తెర పట్టుకునే పని, తర్వాత తాళాలు. ఆరుగురు వచ్చారు, ఇద్దరు మిగిలారు. ఒకమ్మాయి పోయిన ఏడాది ఉత్తర కుమారుడి వేషం కట్టింది. కిరీటం పెద్దదై ఒక పక్కకు జారుతుంటే, కీచకుడి వేషగాడు తెర వెనక నుంచి చెయ్యి చాపి సర్దాడు. నేను చూస్తూనే ఉన్నాను.

18 రోజులు పెట్టడం మాకింకా కుదరలేదు. ఐదు రాత్రులు మాత్రం తెల్లవారేదాకా, మిగతావి ఒంటిగంట వరకు. మీరు ట్రస్టు పెట్టొద్దని అనను, కానీ అంతకంటే ముందు మీ ఊళ్ళో పాత లెక్కల పుస్తకం ఎవరి అటక మీద ఉందో వెతకండి. లేకపోతే ఒక పెద్దావిడ దగ్గర కూర్చుని, ఏ పండక్కి ఎవరు ఆడేవాళ్ళు, వాళ్ళకు బియ్యం ఎవరింటి నుంచి వెళ్ళేవో రాసుకోండి.

వీలైతే ఈ ఎండాకాలం మా భారతానికి రండి. దుర్యోధన వధ చూడాలంటే ఉదయం తొమ్మిదికల్లా చేరుకోండి. తర్వాత వేపచెట్టు కింద చోటు దొరకదు.